కళ్ళకద్దుకున్నది

పదింటికి కట్టు విప్పుతామన్నారు. తొమ్మిదయిందని షైనీ సిస్టర్ ఇప్పుడే చెప్పి పోయింది. అంటే ఇంకో గంట. గంటంటే ఎంత, ఇక్కడ ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కితే దుత్తలూరు కూడా దాటదు, ఆ మాత్రం సేపు ఓపిక పట్టలేడా మాల్యాద్రి, ఇరవై రెండు రోజులు పట్టినవాడు? పట్టక ఏం చేస్తాడులే, రెండు కళ్ళకూ కట్టు, రెండు చేతులకూ కట్టు, ఇనప మంచం మీద పడేసిన మూట లాగా ఉన్నాడు. కుడికన్ను మీద ఆశ పెట్టుకోవద్దని నెల్లూరు డాక్టర్లు ముందే చెప్పేశారు. ఎడమది మాత్రం కట్టు విప్పితే గాని తెలియదన్నారు, మిగతా వైద్యం ఊరికి దగ్గరగా చేయించుకోమని ఇక్కడికి పంపించారు. ఒక్క కన్ను చాలు. దేవుడు రెండిచ్చాడు, ఒకటి తీసుకున్నాడు, రెండోది వదిలెయ్యి తండ్రీ అని ఇన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాడు. ఆ కంటితో లోకం చుట్టి రావాలని కాదు, కరుణశ్రీ ముఖం చూడాలి. ఇరవై రెండు రోజులుగా కూతురి గొంతు వింటున్నాడే గాని, ఆ గొంతు ఏడ్చి వచ్చిందో, ఏడవడానికి బయటికి పోతోందో, ముఖం చూడందే ఎట్లా చెప్పగలడు? ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ అంతే, గొంతులో ఏమీ దొరకనివ్వదు, ఏడుపంతా గడ్డం దగ్గరే తెలుస్తుంది.

ఇందాక మంచం పక్కన కుర్చీ కిర్రుమంది. "శీనయ్య మామ ఫోన్ చేస్తా ఉండాడు నాయనా, ఈడ సిగ్నల్ లేదు, బయట మాట్లాడొస్తా" అంది కరుణ. "ఇప్పుడెందుకు పాపా, తర్వాత మాట్లాడొచ్చులే" అన్నాడు గాని, అప్పటికే చెప్పుల చప్పుడు వరండా దాకా పోయింది. శీనయ్య, మాల్యాద్రి పనిచేసే బోటును నడిపే సరంగు. మంచోడే. మంచోడే గాని వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సముద్రంలోంచి వచ్చి ఈ కళ్ళను కాల్చిన ఆ ముద్దను మాల్యాద్రి చేతిలోకి తీసుకుంది ఎవరి కోసమో తెలిసినవాడు ఈ భూమ్మీద శీనయ్య ఒక్కడే. కూతురి కోసం తీసుకున్నాడు. కూతురు అడిగింది గనక తీసుకున్నాడు. ఆ సంగతి కరుణకు తెలియకూడదు. కన్ను దక్కకపోయినా ఏదో ఒకటి చేసి బతకొచ్చు, గుడ్డివాళ్ళు బతకడం లేదా, కలువాయిలో ఒకాయన కళ్ళు లేకుండానే పలుపులు పేనుతాడు. కానీ నా వల్లే మా నాయన కళ్ళు పోయినాయి అనుకుంటూ ఆ పిల్ల ఎట్లా బతుకుతుంది? ఒరే శీనయ్యా, నీకు పుణ్యముంటుంది, ఈ ఒక్క పూట నోరు మూసుకోరా.

బయట ఏదో బస్సు ఆగింది. "ఉదయగిరి, ఉదయగిరి" అని కండక్టరు అరుస్తున్నాడు. ఉదయగిరిలో ఇప్పుడు రూబీ మేకలను విప్పుతూ ఉంటుంది, మొగుడి కోసం ప్రార్థన చేస్తూ మేకలను తిడుతూ ఉంటుంది, రెండూ ఒకే నోటితో. నలభై ఏడేళ్ళు ఆ కొండ కింద బతికాడు. చూపు ఎటు పోయినా కొండకు తగిలి వెనక్కి రావాల్సిందే. సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నచ్చలేదు, గట్టు లేని పొలం ఏం పొలం అనిపించింది. వానలు ముఖం చాటేసి, బోరు ఎండిపోయి, కంది కూడా చేతికి రాకపోతే, చేపల పరిశోధన ఆఫీసులో కూతురికి కాంట్రాక్టు ఉద్యోగం దొరికిందని ఆమె వెనకే తీరానికి దిగాడు. వలలో పడినవి ఏరడం, ఐసులో సర్దడం, అదీ పని. మొదటి వారమంతా కక్కుతూనే ఉన్నాడు. "ఏందిరా మెట్టోడా, తిన్నదంతా చేపలకే పెడతా ఉండావే, బలే దాతవి" అని శీనయ్య నవ్వేవాడు. నవ్వుతూనే నిమ్మకాయ కోసి ఇచ్చేవాడు. అట్లాంటి మనిషి. ఇప్పుడు ఫోన్లో ఏం వాగుతున్నాడో.

ఎంతసేపు మాట్లాడుతుంది ఈ పిల్ల? శీనయ్యకు మాటలెక్కువ గనక సేపు పడుతుంది, వాతావరణంతో మొదలుపెడతాడు. వాతావరణం దగ్గరే ఉంటే బాగుండు. లేదంటే చేదుమడుగు దగ్గరికి వస్తాడు, వస్తే ఇంక ఆగడు. సముద్రంలో అదొక చోటు. పైకి ఏమీ తెలియదు, నీళ్ళన్నీ ఒక్కటే, కానీ అక్కడ వల లాగితే బరువుండదు. పాత సరంగులు దాన్ని చేదుమడుగు అని తప్పుకుని పోయేవాళ్ళట. ఇప్పుడు మిగతా చోట్ల చేప తగ్గిపోయి, తప్పుకునే వాళ్ళు లేరు. అక్కడ వలలో పడే జెల్ల చేపల పొట్ట మీద చర్మం లేచిపోయి ఎర్రగా ఉండేది. నీళ్ళ అడుగున మట్టిని అంటుకుని బతికే టేకు చేపలకైతే కింది వైపంతా పుండే. పీతలు పట్టుకుంటే కరవవు, కరిచే ఓపిక లేక చేతిలో ఊరికే ఉండిపోతాయి. ఒకసారి తాబేలు పడింది, రెక్కల్లాంటి కాళ్ళ మీద తోలు ఉడకబెట్టిన చిలగడదుంప తొక్కలాగా ఊడి వస్తోంది. శీనయ్య దండం పెట్టి నీళ్ళలో వదిలేశాడు. అది మునగలేదు, ఈదలేదు, బోటు కనిపించినంత దూరం అట్లాగే తేలుతూ ఉండిపోయింది. మాల్యాద్రికి ఆ రోజు అన్నం పోలేదు. చేపలకు కనురెప్పలుండవు, ఆ సంగతి ఆ బోటు మీదే గమనించాడు. ఏది వచ్చి పడినా మూసుకోవడానికి లేదు. తెల్లటి పొర కమ్మిన కళ్ళతో అవి బుట్టలోంచి చూస్తూ ఉంటే, చూపు ఉందో లేదో తెలియక ఇతనే ముఖం తిప్పుకునేవాడు.

కరుణకు చెబితే ఆమె కుర్చీలోంచి లేచింది. "నాయనా, అట్టాంటివి పారెయ్యొద్దు. యాడ పడిందో, ఏ పొద్దు పడిందో రాయించి నాకు తీసకరా. చేపే కాదు, వలలో ఏది వింతగా కనపడినా తీసకరా" అంది. అదిగో, ఆ ఒక్క మాట. తండ్రితో ఏ కూతురైనా అనే మాట, అందులో తప్పేముంది? ఆనాటి నుంచీ అతనికి సముద్రం మీద ప్రేమ పుట్టింది. చదువు రాని మాల్యాద్రి కూతురి చదువుకు పనికొస్తున్నాడు, అంతకంటే ఏం కావాలి? స్టీలు క్యానులో ఐసు వేసి, పుండ్ల చేపలను పెళ్ళికి తీసుకుపోయే లడ్డూల్లాగా భద్రంగా మోసుకుని పోయేవాడు. ఒకసారి ఆమె సూక్ష్మదర్శినిలో చూపించింది. చేప రక్తంలో ప్రతి కణానికీ నడుమ ఒకే గింజ ఉండాలట. వీటిలో పెద్ద గింజ పక్కన చిన్న ముక్క ఒకటి తెగి పడి ఉంది. "లోపల రాత చెడిపోయినట్టు నాయనా, ఇది పిల్లలకు కూడా పోతాదేమో తెలీదు" అంది. ఎనభై ఏళ్ళ కిందట పెద్ద యుద్ధం అయిపోయాక, మిగిలిన విషపు బాంబులను ఓడలకెత్తి సముద్రంలో తోసేశారట. అప్పుడది వాళ్ళకు తేలికైన పని. ఇనుము తుప్పు పట్టింది, లోపలిది బయటికి వచ్చింది. దాని పేరు మస్టర్డ్ అట, అంటే ఆవాలు. మన పోపులో ఆవాలకూ దానికీ చుట్టరికం లేదు, వాసన కొంచెం అట్లా ఉంటుందని పేరు. చల్లటి అడుగున అది కరగదట, పైన గట్టిపడి లోపల పచ్చిగానే ఉండిపోతుందట, ఎన్నేళ్ళయినా. ఇవన్నీ చెప్పింది గాని, ఆ ముద్ద చూడ్డానికి ఎట్లా ఉంటుందో చెప్పలేదు. పాపం, ఆమె మాత్రం ఎక్కడ చూసింది? రెండేళ్ళలో మూడు రిపోర్టులు రాసింది. ఫ్యాక్టరీల నీళ్ళ వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు అని పైవాళ్ళు మూడింటినీ తిప్పి పంపారు. అడుగు నుంచి ఒక్క ముక్క చేతికొచ్చినా నమ్ముతారు నాయనా, అని ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని అంది. ఆ పూట ఆమె గడ్డం వణకడం అతను చూశాడు.

"అన్నా, మంచినీళ్ళు తాగుతావా?" షైనీ సిస్టర్ గొంతు. తల ఎత్తి పట్టుకుంది. నీళ్ళు గొంతులో దిగుతుంటే ఇప్పటికీ మంటే. "మా పాప ఇంకా ఫోన్లోనే ఉండాదా అమ్మా?" అని అడిగాడు. "ఆ, వేపచెట్టు కింద నిలబడి ఉండాది. ఇటు తిరగడంల్యా." ఇటు తిరగడం లేదంటే ఏమిటి అర్థం? ఎండ కావచ్చు. ఎండకు అటు తిరిగి ఉంటుంది. "మొన్న కొండాపురం సంతలో మంచి ఎండుచేపలు వచ్చినాయన్నా, మీ బోట్లవేనేమో" అని నవ్వించడానికి అంది ఆమె. అతను నవ్వలేకపోయాడు.

ఎందుకంటే ఆ సంతలో చేపలను అతను చూశాడు. కిందటేడు ఇంటికి వచ్చినప్పుడు రూబీతో కొండాపురం సంతకు పోయాడు. ఎండుజెల్లల కుప్పలో ఒకదాన్ని తిప్పి చూస్తే పొట్ట కింద ఆ మచ్చ. ఉప్పేసి ఎండబెడితే పుండేది, చర్మమేది, అన్నీ ఒకే రంగు. తీరంలో ఎవరూ కొనని సరుకు మెట్టకు ఎక్కించేస్తారని బోట్ల మీద అనుకునేవాళ్ళే, కానీ అది తన ఊరి దారే పడుతుందని తట్టలేదు. "బాగుండాయి గదా, రెండు కిలోలు తీసుకుందాం" అంది రూబీ. చెబితే సంతంతా గోల, గోల అయితే బోట్లు ఆగిపోతాయి, బోట్లు ఆగితే శీనయ్య పొయ్యి వెలగదు, తన పొయ్యీ వెలగదు. తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాడు. ఆ పూట వంకాయ వేసి వండింది, తిన్నాడు, బాగుంది కూడా. తింటే ఏమవుతుందని తర్వాత కరుణను అడిగితే, తెలియదు నాయనా, ఎవరూ చూడలేదు, అంది. ఏదో ఒక జబ్బు పేరు చెప్పి ఉంటే ఇంత భయపడేవాడు కాదు. బోట్లు తిరుగుతూనే ఉంటాయి, చేప ఎండుతూనే ఉంటుంది, సంత జరుగుతూనే ఉంటుంది. అడుగున ఉన్నదాన్ని పైకి తీసేవాడు లేడు, తీసినా పెట్టే చోటు లేదు. సముద్రాన్ని కడగడానికి నీళ్ళెక్కడి నుంచి తెస్తారు?

చేతులు దురద పెడుతున్నాయి. కట్టు కింద అరచేతులు ఇప్పుడు ఎట్లా ఉన్నాయో. ఆ చేతులు మైనం పిసికిన చేతులు. అతని నాయన ఉదయగిరి కొండ చరియల మీద తేనెపట్లు కోసేవాడు. తేనె పిండి, పట్టును ఉడకబెట్టి, మైనం తీసి, చెక్క గరిటెలు చేసేవాళ్ళకు నునుపు పెట్టడానికి అమ్మేవాడు. మంచి మైనమో కాదో తెలుసుకోవాలంటే పిడికిట్లో పట్టుకోవాలి. చేతి వేడికి మెత్తబడి, వేళ్ళకు అంటకుండా ఉంటే అసలుది. ఆ తర్వాత వాసన చూడాలి. ఆ యేడు మొదటి ముద్ద అయితే కళ్ళకద్దుకోవాలి. గుడికి పోని మనుషులు వాళ్ళు, తాత కాలం నుంచీ బాప్టిస్టులు, అయినా ఈ అలవాటు పోలేదు. బైబిలును కళ్ళకద్దుకుంటారు, మొదటి కంకిని కళ్ళకద్దుకుంటారు, జీతం కవరును అద్దుకుంటారు. ఇచ్చినవాణ్ణి తలుచుకోవాలి కదా అనేవాడు నాయన.

ఆ రోజు వల చేదుమడుగులోంచే వచ్చింది. బురద, నాలుగు టేకులు, తుప్పు రేకు, రేకును అంటుకుని కొబ్బరికాయంత ముద్ద. పైన గోధుమరంగు, గీరితే లోపల పసుపు. సముద్రం మనిషి ఎవడైనా అయితే అట్లాంటి దాన్ని చూడగానే కాలితో నీళ్ళలోకి నెట్టేస్తాడు, చేత్తో తాకడు. కొండ కింది మనిషికి అది మైనంలా కనిపించింది. మైనం సముద్రంలో ఎందుకుంటుందిరా వెర్రోడా? వింతగా ఉంది కాబట్టే కదా తీసుకున్నాడు! కొంచెం తుంచి పిడికిట్లో పట్టుకున్నాడు. మెత్తబడింది. వాసన చూశాడు, వెల్లుల్లిలా ఏదో లీలగా. మంట లేదు, చురుకు లేదు, ఏమీ లేదు. అదే కదా దాని దుర్మార్గం, నిప్పయితే వెంటనే చెబుతుంది, ఇది పూట గడిచాక గాని చెప్పదు. అడుగు నుంచి ఒక్క ముక్క అని మెట్ల మీద కూర్చుని అడిగిన పిల్ల గుర్తొచ్చింది. దొరికింది, దేవుడు ఇచ్చాడు. ముద్దను రెండు చేతులా ఎత్తి, ఆనందంతో, కృతజ్ఞతతో, ఎడమ కంటికీ కుడి కంటికీ అద్దుకున్నాడు. "శీనయ్యా, ఇది మా పాపకు ఇస్తే ఎంత సంబరపడతాదో చూడు! ఇంక ఆ యమ్మ మాట నమ్మరా యాడన్నా?" అన్నాడు. శీనయ్య చుక్కాని దగ్గర నుంచి, ఇంజను మోతలో, "ఏందిరా అది?" అని మాత్రం అరిచాడు.

పొద్దు వాలేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టయింది. తీరం చేరేలోపు రెప్పలు అంటుకుపోయాయి, అరచేతులు బొబ్బలెక్కాయి, గొంతు మూసుకుపోయింది. శీనయ్య హడలిపోయి క్యానుతో సహా ముద్దను సముద్రంలోకి విసిరేశాడు. ఆ చప్పుడు విన్నాడు మాల్యాద్రి. వద్దురా అనడానికి గొంతు రాలేదు. అంత పోగొట్టుకుని తెచ్చిన ఒక్క ముక్క, మళ్ళీ చేపల నెత్తినే పడింది. ఆసుపత్రిలో కరుణ వచ్చి, ఎందుకు తాకినావు నాయనా, అని గట్టిగా అడిగినప్పుడు అతనికి ఒకే దారి తోచింది. "తిమింగలం వాంతి అనుకున్నా పాపా. కోట్లు పలుకుతాదంట గదా. అమ్ముకుందామని దాచినా" అన్నాడు. ఆమె తిట్టింది. ఆశకు పోయి ఇంత పని చేస్తావా, ఇంత వయసొచ్చి బుద్ధుండక్కర్లేదా అని తిట్టింది. ఆ తిట్లు అతనికి చల్లగా తగిలాయి. కోపమైతే ఎప్పటికైనా పోతుంది. అట్లాగే తిట్టు పాపా, జీవితమంతా తిట్టు, అనుకున్నాడు.

అడుగుల చప్పుడు. డాక్టరుగారి బూట్లు, సిస్టర్ ట్రేలో కత్తెర గలగల, వెనక కరుణ చెప్పులు. మెల్లగా వస్తున్నాయి ఆ చెప్పులు. ఎందుకంత మెల్లగా? "ఏమన్నాడు పాపా శీనయ్య?" అన్నాడు. "ఏంలేదు నాయనా. ఎట్టుండావని అడిగినాడు." గొంతులో ఏమీ దొరకలేదు. అమ్మయ్య, చెప్పలేదేమో, వాడు మంచోడు, అనవసరంగా తిట్టుకున్నాను. కత్తెర చెవి పక్కన చల్లగా తగిలింది. ఒక చుట్టు విడింది, ఇంకో చుట్టు విడింది, ముఖానికి గాలి తగిలింది, ఎన్నాళ్ళయింది గాలి తగిలి! తడి దూదితో రెప్పలు తుడుస్తున్నారు. ముందు గడ్డం చూడాలి. గడ్డం చూస్తే అంతా తెలిసిపోతుంది.

"నిదానంగా తెరువు పెద్దాయనా" అన్నాడు డాక్టరు.

తెరిచాడు. తెరిచాననే అనుకున్నాడు. నలుపు కూడా లేదు. నలుపైతే అది ఒక రంగు, ఇది వీపు వెనక ఏముందో చూడమన్నట్టుంది.

"లైటు వేసినారా సార్?"

"వేసే ఉండాదన్నా" అంది షైనీ. డాక్టరు ఏదో రాస్తున్న చప్పుడు, మళ్ళీ నెల్లూరు పోయి ఒకసారి చూపించండి అన్నాడు, ఆ ఒకసారి అన్న మాటలోనే అంతా ఉంది. బూట్లు వెళ్ళిపోయాయి. ట్రే వెళ్ళిపోయింది.

"శీనయ్య మామ చెప్పినాడు నాయనా" అంది కరుణ, ఎడమ పక్క నుంచి. "తిమింగలమూ కాదు, ఏమీ కాదంట. నాకిస్తే సంబరపడతానని అన్నావంట. కళ్ళకద్దుకున్నావంట గదా."

"ఎవురు, ఆ శీనయ్యా?" అన్నాడు మాల్యాద్రి, ఎడమ పక్కకు ముఖం తిప్పి. నవ్వాడు కూడా, మూతి పగుళ్ళు మండుతున్నా నవ్వాడు. "వాడొట్టి కోతల రాయుడు పాపా. ఇంజను మోతలో వానికేం ఇనపడిందని? ఆశకు పోయినా నేను. నీకూ దానికీ యాడ సంబంధం? నువ్వు గుర్తొచ్చిండావా ఆ పొద్దు? దేవుని తోడు, రాలేదు. కోట్లొస్తే మిద్దె కడదామనుకున్నా. ఇట్ట చూడు, నా ముఖం చూసి చెప్పు, నేను అబద్ధమాడేవాణ్ణేనా?" అంటూ ఆమె కళ్ళల్లోకి చూస్తున్నట్టే, రెప్ప వెయ్యకుండా, గట్టిగా చెప్పాడు.

అతని మాటల మధ్య ఆ చెప్పులు ఎప్పుడు మంచం చుట్టూ తిరిగాయో, కుడి పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి అతని గడ్డం పట్టుకుని, మెల్లగా తన వైపు తిప్పుకుంది.

"నేను ఈ పక్కన ఉండా నాయనా" అంది కరుణ.